పెట్టె ఇస్తే చాలదు, పట్టు నిలవాలి

భూమి లేనివాడు ఆవును పెంచాలంటే గడ్డి కోసం ఇంకొకరి గట్టు మీదికి పోవాలి. మేకను తోలితే ఆసామి చేలో పడిందని తగవు. కోడి సైతం పక్కింటి వాకిట్లో వడ్లు తిన్నదని మాట తెస్తుంది. తేనెటీగకు మాత్రం ఈ బాధ లేదు. దానికి పట్టా అక్కర్లేదు, గెట్టు అడ్డం కాదు. పదెకరాల ఆసామి పొద్దుతిరుగుడు మీదా వాలుతుంది, చెరువుగట్టు తుమ్మ మీదా వాలుతుంది, సాయంత్రానికి కూలివాడి పెరట్లో ఉన్న పెట్టెలోకి తిరిగి వస్తుంది. పైగా అది వాలిన చేనుకు నష్టం లేదు. పొద్దుతిరుగుడులో గింజ బాగా పడుతుంది, దోస, గుమ్మడి, బీర పాదులకు పిందె నిలుస్తుంది.

అందుకే కాబోలు, ప్రభుత్వాలు చాలాకాలంగా తేనెటీగల పెట్టెను పేదవాడి చేతికిచ్చే వస్తువుగా చూపిస్తున్నాయి. ఖాదీ గ్రామీణ పరిశ్రమల కమిషన్ ఏర్పడిన కొత్తలోనే ఈ పని చేపట్టింది, 1962లో పూనాలో తేనెటీగల పరిశోధనా కేంద్రాన్ని పెట్టింది. 2017లో అదే కమిషన్ హనీ మిషన్ పేరుతో పెట్టెల పంపిణీ మొదలుపెట్టింది. 2020లో కేంద్ర ప్రభుత్వం తేనెటీగల పెంపకానికి 500 కోట్ల రూపాయలు ప్రకటించింది. మంచిదే. కానీ ప్రకటించేవాళ్లు లెక్కపెట్టేది పెట్టెల్ని. కూలివాడికి అక్కరకొచ్చేది పెట్టె కాదు, దానిలో ఉండే పట్టు. పట్టు లేచిపోతే మిగిలేది నాలుగు చెక్కలు. వాటిలో కోడి పొదుగుతుంది, పిడకలు దాచుకోవచ్చు, అంతే. అప్పు చేసి తెచ్చుకున్నదైతే ఆ అప్పు మాత్రం కూలివాడి పేర అలాగే నిలిచి ఉంటుంది.

కొత్తగా పెట్టిన పట్టు నిలుస్తుందా, లేచిపోతుందా అన్నది మొదటి ఆరు వారాల్లో చాలావరకు తేలిపోతుంది. అందులో సగం మన చేతి పని. మిగతా సగం ఊరి చేతిలో ఉంది. ఈ రెండు సంగతులూ ఇక్కడ చెప్పుకుందాం.

ఏ ఈగను పెంచాలి?

మన ప్రాంతంలో తేనె పెట్టే ఈగలు ముఖ్యంగా మూడు రకాలు. కొండల్లో, పెద్ద చెట్ల మీద, ఎత్తైన కట్టడాల కింద ఒకే పెద్ద పట్టు పెట్టేది కొండతేనె ఈగ. కంపల్లో, చిన్న కొమ్మలకు అరచేతి మందాన పట్టు పెట్టేది చిన్నతేనె ఈగ. ఈ రెండూ వెలుతురులో ఒకే పట్టు పెట్టుకుంటాయి, పెట్టెలో ఇమడవు. మూడోది పుట్టతేనె ఈగ. పుట్టల్లో, చెట్టు తొర్రల్లో, పాతగోడ సందుల్లో చీకటి చూసుకుని, ఒకదాని పక్కన ఒకటిగా అయిదారు పట్లు పెడుతుంది. చీకటిలో వరసగా పట్లు పెట్టే ఈ అలవాటే దాన్ని పెట్టెలో పెంచడానికి వీలు కల్పించింది.

నాలుగోది ఐరోపా ఈగ. 1960ల్లో ఉత్తర భారతంలో తెచ్చి పెంచారు. పుట్టతేనె పెట్టె ఏడాదికి మూడు నుంచి అయిదు కిలోలిస్తే, ఇది దానికి ఎన్నో రెట్లు ఇస్తుంది. కానీ దాన్ని పెంచేవాళ్లు పదుల కొద్దీ పెట్టెల్ని లారీల మీద పూత ఉన్నచోటికల్లా తిప్పుతారు, పూత లేనప్పుడు చక్కెర పోస్తారు, పిడుదుపురుగులకు మందులు వాడతారు. అది పెట్టుబడి ఉన్నవాడి వ్యాపారం. పెరట్లో ఒకటి రెండు పెట్టెలు పెట్టుకునే కూలి కుటుంబానికి మన ఊరి పుట్టతేనె ఈగే సరిపోతుంది.

దాని పెట్టె కూడా మనకు కొత్త కాదు. 1910ల్లో తమిళనాట తిరుచిరాపల్లి ప్రాంతంలో న్యూటన్ అనే పాదిరీ మన చిన్న ఈగ కొలతకు తగ్గట్టు ఒక పెట్టె తయారుచేశాడు. దక్షిణాదిలో ఇప్పటికీ ఆయన పేరుతోనే దాన్ని న్యూటన్ పెట్టె అంటారు. అడుగున పీట, దాని మీద ఏడు చట్రాలున్న పిల్లల అర, ఆ పైన తేనె అర, అన్నిటి మీదా కప్పు. ఊళ్లో వడ్రంగి చేయగలడు. ఒక్కటే జాగ్రత్త: చట్రాల చుట్టూ ఈగ నడిచేటంత సందే ఉండాలి. సందు ఎక్కువైతే అడ్డదిడ్డంగా పట్టు కడతాయి, తక్కువైతే మూసేస్తాయి. రెండిట్లో ఏది జరిగినా చట్రం ఊడిరాదు. కొత్త చెక్కకు లోపల రంగు వెయ్యకూడదు. రంగు వాసనకు పట్టు నిలవదు.

పట్టును పెట్టెలోకి తేవడం

పని సాయంత్రం చీకటి పడబోతుండగా మొదలుపెట్టాలి. కొబ్బరిపీచు గానీ, పాత గోనెసంచి ముక్క గానీ కాల్చి, చల్లని పొగ కొంచెం పట్టించాలి. మంట తగలకూడదు. పట్లను ఒక్కొక్కటే కోసి, పిల్లలున్న పట్లను చట్రానికి సరిపడా కత్తిరించి అరటినారతో కట్టాలి. ఏ వైపు పైన ఉండేదో ఆ వైపే పైన ఉండాలి, తలకిందులు చేస్తే పిల్ల చస్తుంది. పిల్లలున్న చట్రాలు మధ్యలో ఉండాలి. తేనె పట్లు పెట్టెలో పెట్టకూడదు. తేనె కారిందంటే తెల్లారేసరికి చీమలబారు పెట్టె ఎక్కుతుంది.

రాణి ఈగను చూసి పట్టుకోవడమే అన్నిటికన్నా ముఖ్యం. మిగతావాటికన్నా పొడుగ్గా, ముదురు రంగులో ఉంటుంది. చిన్న చిన్న కన్నాలు పొడిచిన అగ్గిపెట్టెలో ఉంచి చట్రాల మధ్య పెడితే, కూలి ఈగలు వాసన పట్టుకుని వాటంతటవే లోపలికి నడుస్తాయి. ఈగలన్నీ చేరాక ఆ రాత్రే రాణిని పట్ల మీదికి వదలాలి.

పట్టు దొరికిన చోటికీ పెరటికీ రెండు మూడు కిలోమీటర్ల దూరం ఉంటే మంచిది. ఈగ కిలోమీటరు, కిలోమీటరున్నర మేర మేత తెచ్చుకుంటుంది, ఆ మేరలో దారులన్నీ దానికి గుర్తే. పక్కవీధి గోడలో పట్టిన పట్టును అదేరోజు మన పెరట్లో పెడితే తెల్లారి బయటికి పోయిన ఈగలు పాత గోడకే పోతాయి. అటువంటప్పుడు పెట్టెను చుట్టాల ఊళ్లో రెండు మూడు వారాలుంచి తెచ్చుకోవాలి.

కాలం కూడా చూసుకోవాలి. మైదానాల్లో వానలు వెనకబట్టి పూతలు మొదలయ్యే కార్తీకం అటూఇటూ మంచి అదును. ఆ తర్వాత కుంకుడు, ధనియాలు, పొద్దుతిరుగుడు, జీడిమామిడి, నేరేడు, వేప, కానుగ, చింత ఒకదాని వెంట ఒకటి వేసవి దాకా పూస్తాయి. అరకు వైపయితే వలిసెల పూత ఉండనే ఉంది. నడివేసవిలోనో, ముసురులోనో పట్టు తెచ్చి పెట్టెలో పెడితే దానికి తిండి ఉండదు, లేచిపోతుంది. పథకం పెట్టెలు మార్చి నెలాఖరుకు లెక్క చూపడానికి వస్తే తీసుకోండి గానీ, పట్టును మాత్రం అదును చూసే ఎక్కించండి.

మొదటి వారం: ముట్టుకోవద్దు

కొత్త పెట్టె వచ్చిందంటే ఇంటిల్లిపాదికీ చూడాలని ఉబలాటం. చుట్టుపక్కలవాళ్లొచ్చి "ఏదీ, ఒక్కసారి తియ్యి వదినా" అంటారు. తియ్యకూడదు. పుట్టతేనె ఈగ కదిలిస్తే బెదిరే జాతి. మొదటి వారం మనం చేయాల్సిన పని బయటినుంచి చూడటం.

పెట్టె నీడన ఉండాలి. గుమ్మం తూర్పు ముఖంగా ఉంటే పొద్దున్నే ఎండ తగిలి ఈగలు పెందలాడే పనికి పోతాయి. మనుషులు, పశువులు గుమ్మానికి అడ్డం నడిచేచోట ఉండకూడదు. నాలుగు కాళ్ల బల్ల మీద పెట్టి, ఒక్కో కాలి కింద ఒక్కో నీళ్ల మూకుడు ఉంచాలి. చీమలకు అదే అడ్డుకట్ట. ఆ నీళ్లు ఎండనివ్వకూడదు. దగ్గర్లో ఇంకో వెడల్పాటి మూకుడులో గులకరాళ్లు వేసి నీళ్లు పోస్తే ఈగలు మునగకుండా తాగుతాయి.

కొన్ని రోజులపాటు గుమ్మానికి సన్నకన్నాల రేకు పెడితే, కూలి ఈగలు దూరతాయి గానీ రాణి బయటికి రాలేదు. రాణి లేకుండా పట్టు పోదు. పిల్ల పెరగడం మొదలయ్యాక రేకు తీసేయాలి.

మూడోరోజు నుంచి చక్కెర పాకం పెట్టాలి. పావుకిలో చక్కెర, అంతే నీళ్లు, మరిగించి చల్లార్చాలి. సీసాలో పోసి మూతికి గుడ్డ కట్టి లోపల బోర్లించినా సరే, పళ్లెంలో పోసి ఈనెపుల్లలు వేసినా సరే. పొద్దుగూకాక పెట్టాలి, ఒక్క చుక్క బయట ఒలకకూడదు. ఒలికితే పక్క పట్ల ఈగలు దోపిడీకి వస్తాయి. బెల్లం పాకం వద్దు, ఈగలకు కడుపు చెడుతుంది.

గుమ్మం దగ్గర రోజూ పావుగంట కూర్చుంటే లోపలి సంగతి సగం తెలుస్తుంది. కాళ్లకు పసుపుపచ్చని పుప్పొడి ముద్దలు అంటించుకుని ఈగలు వస్తున్నాయంటే లోపల పిల్ల ఉంది, రాణి గుడ్లు పెడుతున్నది, పట్టు నిలుస్తుంది. పుప్పొడి రావడం ఆగిపోయి, ఈగలు గుమ్మం దగ్గర గుమిగూడి ఊరికే తిరుగుతుంటే ఏదో తేడా ఉన్నట్టు.

రెండో వారం నుంచి ఆరో వారం దాకా

ఎనిమిదో రోజున మొదటిసారి పెట్టె విప్పవచ్చు. పొద్దెక్కాక, గాలీ వానా లేని వేళ, పక్కన నిలబడి విప్పాలి. గుమ్మానికి ఎదురుగా నిలబడకూడదు. కొంచెం పొగ, నిదానమైన చెయ్యి. పది నిమిషాలకు మించి తెరిచి ఉంచవద్దు. పట్టు చట్రానికి అతుక్కుంటే ఆ నార తీసేయవచ్చు. చాలాసార్లు ఈగలే కొరికి పారేస్తాయి.

చూడవలసింది గుడ్లు. చట్రాన్ని ఎండ భుజం మీదుగా పడేటట్టు పట్టుకుంటే గది అడుగున సన్నని తెల్లటి దారప్పోగులా గుడ్డు కనిపిస్తుంది. గదికొక్కటే ఉంటే రాణి క్షేమం. రాణి కంటబడాల్సిన పని లేదు. ఒకే గదిలో రెండు మూడు గుడ్లు, అవీ గోడలకంటుకుని ఉంటే రాణి పోయి కూలి ఈగలు గుడ్లు పెడుతున్నాయన్నమాట. ఆ గుడ్లలో మగ ఈగలే పుడతాయి, వాటివల్ల పని జరగదు. అటువంటి పట్టు దానంతటది బాగుపడదు. రాణి పోయిన కొత్తల్లోనే చూసుకుంటే, పక్కవాళ్ల మంచి పెట్టెనుంచి గుడ్లున్న చట్రం ఒకటి తెచ్చి పెట్టవచ్చు. ఈగలు దానిలోనుంచి కొత్త రాణిని పెంచుకుంటాయి. ఊళ్లో ఒకే పెట్టె ఉంటే ఈ వీలు లేదు. అందుకే ఒంటరి పెట్టె కన్నా నాలుగు ఇళ్లలో నాలుగు పెట్టెలు మేలు.

గుడ్డు కూలి ఈగగా పెట్టెలో తిరగడానికి సుమారు మూడు వారాలు పడుతుంది. పట్టుతో వచ్చిన ముసలి ఈగలు ఈలోగా రాలిపోతుంటాయి. అందువల్ల మూడో వారంలో పట్టు పలచబడినట్టు కనిపిస్తుంది. కంగారుపడి పెట్టెను కెలకవద్దు. పాకం మానకుండా ఇస్తే నాలుగైదు వారాలకు కొత్త ఈగలు నిండుతాయి. చట్రాలన్నీ ఈగలతో కప్పుకుపోయాక, పక్కన ఖాళీ చట్రం ఒకటి చొప్పున పెంచాలి. ఈగలు కప్పలేనన్ని చట్రాలు ముందే పెడితే మైనపు పురుగుకు ఇల్లు కట్టిచ్చినట్టే.

మైనపు పురుగు, కందిరీగ, రోగం

బలమైన పట్టుకు శత్రువులు తక్కువ. మైనపు పురుగు బూడిదరంగు రెక్కల పురుగు పిల్ల. పట్టులో సొరంగాలు తవ్వి గూడుగూడుగా దారం అల్లుతుంది. వారానికోసారి అడుగు పీట ఊడ్చి ఎండలో పెట్టాలి. నల్లబడ్డ పాతపట్టు తీసేయాలి. పట్టు బలహీనంగా ఉన్నన్నాళ్లు గుమ్మం చిన్నది చేయాలి. కందిరీగలు గుమ్మం దగ్గర కాపు వేస్తే వాటి గూడు వెతికి తీయించాలి.

రోగాల్లో పెద్దది థాయి సంచిరోగం. 1991, 92 సంవత్సరాల్లో ఇది దక్షిణ రాష్ట్రాల్లో విరుచుకుపడి, కేరళ, తమిళనాడు, కర్ణాటకల్లో నూటికి తొంభై పట్లను తుడిచిపెట్టింది. తేనె మీద బతికే వేలాది చిన్న కుటుంబాలు చేతులు ముడుచుకున్నాయి. దీనికి మందు లేదు. పిల్ల ముదిరే దశలో గదిలోనే నీళ్లు నిండిన సంచిలా మారి చస్తుంది. అలా కనిపిస్తే ఆ పెట్టె చట్రాలు ఇంకో పెట్టెకు మార్చవద్దు, అదే చేత్తో ఇంకో పెట్టె ముట్టుకోవద్దు. రాణిని రెండు మూడు వారాలు చిన్న గూటిలో ఉంచి గుడ్లు పెట్టకుండా ఆపితే రోగపు పిల్ల అయిపోయి పట్టు కొన్నిసార్లు తేరుకుంటుంది. రోగమున్న చోటినుంచి పట్టు తేకపోవడమే అసలైన మందు.

ఈగ కుడితే ముల్లును గోటితో గీకి తీయాలి, వేళ్లతో నొక్కి లాగకూడదు. కొద్దిమందికి ఒక్క కుట్టుకే ఒళ్లంతా దద్దుర్లెక్కి ఊపిరాడదు. అట్లాంటివాళ్లను క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి, ఆ మనిషి మళ్లీ పెట్టె దగ్గరికి పోకూడదు.

మందు కొట్టే చెయ్యీ మనదే

ఇంతదాకా చెప్పింది ఇంటి జాగ్రత్త. ఆరు వారాలు కంటికి రెప్పలా చూసిన పట్టు ఒక్క పొద్దున నాశనం కావచ్చు. ఆసామి పూతమీదున్న చేనుకు పొద్దున తొమ్మిదింటికి మందు కొట్టిస్తాడు. సరిగ్గా అప్పుడే ఈగలు పూలమీద ఉంటాయి. మధ్యాహ్నానికి పెట్టె ముందు ఈగలు నాలుక చాచి కుప్పలుగా పడి ఉంటాయి.

ఆ మందు డబ్బా వీపున మోసిందెవరు? కూలివాడే. ముక్కుకు తువ్వాలు తప్ప వేరే రక్షణ లేకుండా, ఆ తుంపర పీల్చుకుంటూ కొట్టిందీ అతనే. ఈగను చంపిన మందే అతన్నీ తల తిప్పుతుంది, వాంతి చేయిస్తుంది. ఎండోసల్ఫాన్ మీద కేరళ కాసరగోడు జనం ఏళ్ల తరబడి పోరాడాక 2011లో సుప్రీంకోర్టు దాన్ని ఆపింది. ఇమిడాక్లోప్రిడ్ లాంటి మూడు మందుల్ని తేనెటీగలకు హాని అని ఐరోపా దేశాలు 2018లో ఆరుబయట పొలాల్లో వాడకుండా నిషేధించాయి. మన మందుల దుకాణాల్లో ఇమిడాక్లోప్రిడ్ ఇంకా అమ్ముతూనే ఉన్నారు.

పెట్టె పెట్టినవాడు ఒంటరిగా పోయి "అయ్యా, పూతమీద కొట్టకండి" అంటే వినే ఆసామి ఎంతమంది? అదే మాట మందుకొట్టే కూలీలంతా కలిసి చెబితే వినక తప్పదు. అడగవలసినవి పెద్ద కోరికలు కావు. పూత నిండుగా ఉన్నప్పుడు మందు వద్దు. తప్పదనుకుంటే పొద్దుగూకాక, ఈగలు ఇల్లు చేరాక కొట్టాలి. ఒకరోజు ముందు ఊళ్లో చెప్పాలి. కబురు అందితే రాత్రికి గుమ్మానికి గాలాడే సన్నజాలీ కట్టి, తడిగోనె కప్పి, మర్నాడు పొద్దెక్కాక విప్పవచ్చు. రోజంతా మూసి ఉంచితే వేడికి పట్టే చస్తుంది. సాయంత్రం కొట్టడం కూలివాడి ఒంటికీ కొంత మేలే, నడిమధ్యాహ్నపు ఎండలో మందు చెమటతో కలిసి ఒంట్లోకి దిగే బాధ తగ్గుతుంది. చేతితొడుగులు, ముక్కుకు కప్పు ఆసామే ఇవ్వాలన్న కోరికను కూడా దీనితోపాటే పెట్టాలి.

ఇది ఆసామికి చేసే మేలు కూడా. హిమాచల్ ప్రదేశ్‌లో ఆపిల్ తోటల రైతులు పూతకాలంలో తేనెటీగల పెట్టెలు అద్దెకు తెచ్చుకుంటారు. మన దగ్గర కూలివాడి ఈగలు ఊరి చేలన్నిటికీ ఊరికే పనిచేస్తున్నాయి. అద్దె ఇవ్వకపోతే పోనీ, వాటిని చంపకుండా ఉండమనడం ఎక్కువ అడగడం కాదు.

తేనె తీసేటప్పుడు, అమ్మేటప్పుడు

మొదటి ఏడాది తేనె మీద పెద్ద ఆశ పెట్టుకోవద్దు. పిల్లల అర నిండి, పూత జోరుగా ఉన్నప్పుడే పైన తేనె అర పెట్టాలి. అది పెట్టాక చక్కెర పాకం ఆపేయాలి, లేకపోతే మనం తీసేది తేనె కాదు, ఈగ మోసిన చక్కెర. గదులు ముప్పాతిక మూతలు పడ్డాకే తీయాలి. పచ్చితేనె పులుస్తుంది. పిల్లల అరలోని తేనె ఎప్పుడూ ముట్టుకోకూడదు, అది వానాకాలానికి వాటి గింజలగాదె. దాన్ని పిండుకున్నవాడి పట్టు శ్రావణంలోపే లేచిపోతుంది.

ధర సంగతి. 2020 డిసెంబరులో ఢిల్లీలోని సైన్స్ పర్యావరణ కేంద్రం 13 కంపెనీల తేనె పరీక్షింపజేస్తే 10 కంపెనీల సరుకులో చక్కెర పాకం కల్తీ ఉన్నట్టు తేలిందని ప్రకటించింది. కంపెనీలు ఒప్పుకోలేదు. పాకంతో సీసాలు నిండే బజారులో నికార్సయిన తేనెకు గిట్టుబాటు ఎక్కడినుంచి వస్తుంది? దళారి చెప్పిందే ధర అవుతుంది. నాలుగు కిలోలున్న ఒంటరి కుటుంబం బేరమాడలేదు, పది కుటుంబాల తేనె ఒకచోట చేరితే ఆడగలదు. ఏజెన్సీలో గిరిజనుల తేనె కొనడానికి 1956 నుంచి గిరిజన సహకార సంస్థ ఉంది. మైదానపు కూలీకి అటువంటి ఏర్పాటు కావాలని అడగాల్సిన పని మన సంఘాలదే.

ఊరి సంఘం ముందున్న పని

ఈ అదునుకు ఊళ్లో నాలుగైదు కూలి కుటుంబాలతో మొదలుపెట్టండి. పెట్టె ఆడవాళ్ల పేరున తీసుకోండి, పెరట్లో రోజూ దాన్ని కనిపెట్టి ఉండేది వాళ్లే. పథకం అధికారుల్ని పెట్టెతోపాటు పట్టూ, అదునుకు ఇవ్వడమూ, ఆరు వారాలపాటు వచ్చి చూసే మనిషినీ అడగండి. ఎన్ని పెట్టెలు పంచారని కాకుండా, ఏడాది తర్వాత ఎన్ని పట్లు నిలిచాయో లెక్క చెప్పమనండి. చెరువుగట్టు మీద, బంజరులో మిగిలిన కానుగ, తుమ్మ, చింతలు నరికించకుండా పంచాయతీలో తీర్మానం పెట్టించండి. మందు కొట్టే వేళ గురించి పూత రాకముందే ఆసాములతో మాట్లాడండి. పూత వచ్చాక మాట్లాడితే అప్పటికే డబ్బాలు నిండి ఉంటాయి.